మాణిక్యం సరే, మట్టి మాటేమిటి?

గూడెంలోనో పల్లెలోనో ఎవరో బాగా పాడిన వీడియో మన సెల్‌ఫోన్‌లోకి వచ్చిందంటే దాని కింద 'మట్టిలో మాణిక్యం' అన్న మాట తప్పక ఉంటుంది. వెనకాల కాస్త అడవి కనిపిస్తే 'అడవి కోయిల' అంటారు. మెచ్చుకోవడానికే అంటారు, కాదనను. కానీ ఆ మెచ్చుకోలులో ఒక లెక్క దాగి ఉంది. పాడిన మనిషి మాణిక్యమైతే ఆమెకు పాట నేర్పిన తల్లి, వంత కలిపిన వదినలు, డోలు కొట్టిన మామ, ఆ పాట పాడుకునే పండుగ, అన్నీ మట్టి కిందే జమ. మాణిక్యాన్ని ఏరి, కడిగి, తీసుకుపోతారు. మట్టి అక్కడే ఉండిపోతుంది.

'వెలికితీశారు' అని కూడా రాస్తుంటారు. మణుగూరు, ఇల్లందు వైపు బతికే మనకు వెలికితీత అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. బొగ్గు పోయాక మిగిలే గుంత లోతు చూసినవాళ్లం.

సెల్‌ఫోన్ చెడ్డదని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నేనూ రాత్రిపూట ఆ వీడియోలు చూసేవాణ్ణే. ఒక గొంతు విని నిద్ర పట్టని రోజులూ ఉన్నాయి. అయితే ఒక కవిత వస్తే అది మంచిదా కాదా అని మనం చర్చిస్తాం. కథ వస్తే సమీక్ష రాస్తాం. మన జనం అన్నిటికంటే ఎక్కువగా చూస్తున్న ఈ పాటల వీడియోల గురించి మాత్రం 'వైరల్ అయింది' అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాం. ఏది వైరల్ అవుతోంది, ఏది కావడం లేదు, అయినదాంట్లో ఏం మిగిలింది, ఏం పోయింది అన్నది చూడాలి కదా.

ముందుగా దేశమంతా మాట్లాడుకున్న మూడు వీడియోలు తీసుకుందాం. 2018లో తూర్పు గోదావరి జిల్లా వడిశలేరుకు చెందిన బేబీ అనే పేద మహిళ 'ప్రేమికుడు' సినిమాలోని ఎ.ఆర్. రెహమాన్ పాట పాడితే ఎవరో ఫోన్‌లో తీశారు. సినిమావాళ్లు పిలిపించి సన్మానించారు. 2019లో పశ్చిమ బెంగాల్‌లోని రాణాఘాట్ రైల్వే స్టేషన్‌లో రాణు మండల్ అనే ఆమె లతా మంగేష్కర్ పాత పాట పాడింది. కొద్ది రోజుల్లోనే హిందీ సంగీత దర్శకుడు హిమేశ్ రేషమియా ఆమెను స్టూడియోకు తీసుకెళ్లాడు. 2021లో ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాకు చెందిన సహదేవ్ అనే బడి పిల్లవాడు చిన్ననాటి ప్రేమ గురించి ఒక హిందీ పాట పాడిన వీడియో ఊరూరా తిరిగింది. ర్యాప్ గాయకుడు బాద్‌షా అతనితో కలిసి ఆ పాటను మళ్లీ చేశాడు. ముఖ్యమంత్రి పిలిచి సత్కరించాడు.

ఈ ముగ్గురిలో ఒక పోలిక గమనించండి. ముగ్గురూ పాడింది వినేవాళ్ల చెవిలో అప్పటికే ఉన్న పాటను, లేదా అలాంటి బాణీలో ఉన్న పాటను. వినేవాడి ఆశ్చర్యం ఏమిటి? 'ఇంత బీద మనిషి అచ్చం లతాజీలా పాడిందే' అన్నది. అంటే కొలబద్ద లతాజీదే. గొంతు ఆ కొలతకు ఎంత దగ్గరైతే అంత మాణిక్యం. ఆ పాడిన మనిషికి తనదంటూ ఒక పాట ఉందా, వాళ్ల అమ్మ ఏం పాడేది అన్న ప్రశ్న ఆ ఆశ్చర్యంలో లేనే లేదు. రాణు మండల్ ఆ తర్వాత మేకప్ వేసుకున్న ఫోటో ఒకటి బయటకొస్తే, మొదట చప్పట్లు కొట్టిన జనమే నెలల తరబడి నవ్వుకున్నారు. స్టేషన్‌లో దుమ్ములో కూర్చుని పాడినంతవరకే ఆమె మీద వాళ్లకు ప్రేమ. మాణిక్యం పౌడరు రాసుకోకూడదు కాబోలు.

సహదేవ్ సంగతి టీచర్లుగా మనం ఇంకాస్త ఆగి ఆలోచించాలి. ఆ వీడియో తీసింది ఉపాధ్యాయుడే, 2019లో, తరగతిలో. రెండేళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. ఆ పాట మొదట పాడింది గుజరాత్ గాయకుడు కమలేశ్ బారోట్. గుజరాత్‌లో పుట్టిన పాట ఫోన్ల మీదుగా సుక్మా అడవుల్లోకి వచ్చి, అక్కడి పిల్లవాడి నోట మళ్లీ దేశమంతా తిరిగిందన్నమాట. నా మట్టుకు నాకు ఆ వీడియోలో గొప్ప సంగీతం వినిపించలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు మన పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు, చేతులు కట్టేసినట్టు నిలబడి, ఒక్క ఊపున పాడేస్తాడు. జనానికి నచ్చింది ఆ బిగుసుకుపోవడమే. అది ముద్దుగా ఉంది, నవ్వొచ్చేలా ఉంది. నవ్వింది పాటకు కాదు, పిల్లవాడిని చూసి. సుక్మా మనకు దూరం కాదు. కోంటా దాటితే చింతూరు. గోండి, కోయ, దోర్లా, హల్బీ పాటలున్న నేల అది. ఆ పిల్లవాడిని ఎందరో ఇంటర్వ్యూ చేశారు. 'మీ ఇంట్లో పండుగకు ఏం పాడతారు బాబూ' అని అడిగిన మనిషి నేను చూసినవాటిలో ఒక్కరూ లేరు.

ఇందులో బడి పాత్ర కూడా ఉంది. బాలసభలో 'ఒక పాట పాడరా' అంటే మన ఆశ్రమ పాఠశాల పిల్లలు ఏం పాడతారు? సినిమా పాట. లేదంటే పుస్తకంలోని గేయం. పిల్లలకు ఇంటి పాటలు రాక కాదు. వాళ్ల లెక్కలో 'పాట' అంటే మైకులో పాడేది. అవ్వ పాడేది పాట కాదు, అది ఇంటి విషయం. ఈ విభజన పిల్లలు సొంతంగా చేసుకున్నది కాదు, వేదికల మీద మనం దేనికి బహుమతులు ఇచ్చామో చూసి నేర్చుకున్నది. కాబట్టి వీడియోలో దొరికే 'ప్రతిభ' కూడా ముందే వడపోసిందే.

ఇక సొంత పాటతోనే పైకి వచ్చినవాళ్ల సంగతికి వద్దాం. ఇక్కడ మనకు మంచి ఉదాహరణ ఒకే కథ మీద వచ్చిన రెండు సినిమాల్లో దొరుకుతుంది. మలయాళంలో 2020లో వచ్చిన 'అయ్యప్పనుమ్ కోశియుమ్', దాన్నే తెలుగులో తీసిన 2022 నాటి 'భీమ్లా నాయక్'. రెండింటిలోనూ సినిమాకు బయట ఉన్న గొంతులను తెచ్చి వాడుకున్నారు. ఎలా వాడారన్నదే తేడా.

మలయాళంలో పాడింది నంజియమ్మ. కేరళ పాలక్కాడ్ జిల్లా అట్టపాడిలోని ఇరుల ఆదివాసీ. మేకలు, పశువులు కాసుకునే పెద్దావిడ. ఆమె పాడిన పాట ఇరుల భాషలోనే ఉంది, మాటలు కూడా ఆమెవే. సంగీత దర్శకుడు జేక్స్ బిజోయ్ ఆ పాట చుట్టూ వాద్యాలు అమర్చాడు కానీ పాటను మలయాళంలోకి మార్చలేదు. తూర్పున చెట్టు పూసింది, పూలు కోసుకుందాం, విమానం చూద్దాం అనే తీరులో సాగే పాట. ఇందులో హీరో లేడు, సినిమా కథ లేదు. ఒక అవ్వ బిడ్డను ఆడిస్తూ పాడుకునే పాటలా ఉంటుంది. యూట్యూబ్‌లో లక్షలమంది భాష తెలియకుండానే విన్నారు. నేనూ విన్నాను. అర్థం తర్వాత తెలుసుకున్నాను. విమానం మాట తెలిశాక నాకు ఇంకా నచ్చింది. ఆదివాసీ పాట అంటే చెట్టు, పుట్ట తప్ప ఉండకూడదనుకునేవాళ్లకు ఆ విమానం మంచి జవాబు. మన పాటల్లోనూ బస్సు, రేషన్ కార్డు, ఫారెస్టు గార్డు వస్తూనే ఉంటారు కదా.

2022లో నంజియమ్మకు ఉత్తమ నేపథ్య గాయనిగా జాతీయ పురస్కారం ప్రకటించారు. వెంటనే ఒక గొడవ లేచింది. శాస్త్రీయంగా నేర్చుకుని ఏళ్ల తరబడి కష్టపడుతున్న గాయకులు ఉండగా, శ్రుతి ఇస్తే మామూలు పాట పాడలేని ఆమెకు పురస్కారమేమిటని ఒక సంగీతకారుడు అడిగాడు. చాలామంది ఆమె పక్షాన నిలిచారు. నేను ఆ ప్రశ్నను తోసిపుచ్చను. జవాబు చెప్పాల్సిన ప్రశ్నే అది. మన పాట శ్రుతి లేనిది కాదు. ముందు పాట ఎత్తుకున్న మనిషి గొంతే శ్రుతి. ఆమె ఎక్కడ పట్టుకుంటే మిగతావాళ్లు అక్కడ కలుస్తారు. గుంపులో ముసలావిడ ఉంటే కిందికి దించుకుంటారు, చిన్నపిల్లలు పాడితే పైకి పోతుంది. హార్మోనియం మెట్టు దగ్గరికి పాటను తీసుకురావడం ఒక పద్ధతి, గుంపు దగ్గరికి శ్రుతిని తీసుకురావడం ఇంకొక పద్ధతి. రెండో పద్ధతిలో ఆరితేరిన మనిషికి మొదటి పద్ధతిలో పరీక్ష పెట్టి 'ఫెయిల్' అనడం, కోయ మాట్లాడే పిల్లవాడికి మొదటి రోజే తెలుగులో పరీక్ష పెట్టి మొద్దు అనడం లాంటిదే. ఈ రెండో తప్పు బడుల్లో ఎన్నేళ్లు నడిచిందో మనకు తెలుసు.

ఒక్క మాట ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. జాతీయ పురస్కారం అందుకున్న నంజియమ్మ, అట్టపాడిలో తన భర్త కుటుంబానికి చెందాల్సిన భూమి వేరేవాళ్ల చేతుల్లోకి పోయిందని పోరాడుతున్న వార్తలు తర్వాత వచ్చాయి. 1/70 చట్టం ఉన్న మన ఏజెన్సీలో ఈ వార్తకు వివరణ అక్కర్లేదు. పాట వీడియో లక్షలమందికి చేరింది. భూమి వార్త ఎంతమందికి చేరిందో మీ పక్కవాళ్లను అడిగి చూడండి.

తెలుగు సినిమా ఏం చేసింది? 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెర మీద దర్శనం మొగులయ్య పాడారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఆయన ఆదివాసీ కాదు, డక్కలి కళాకారుడు. కిన్నెర మీద పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడటం ఆయన వారసత్వం. వీరుడు ఎక్కడ పుట్టాడు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ గుట్ట పక్కన, ఏ వాగు ఒడ్డున అని ఎత్తుకోవడం ఆ కథల తీరు. సినిమాలో మాటలు కొత్తగా రాసినవైనా ఆ తీరును పట్టుకున్నారు. హీరో పుట్టుకను తండా, గుట్ట, చెట్టుతో సహా చెప్పించారు. అందుకే ఆ ముక్క అతికించినట్టు అనిపించదు. కిన్నెరను, మనిషిని పాట వీడియోలో చూపించారు కూడా. ఇది మంచి పనే. తమన్ బృందానికి ఆ మెప్పు ఇవ్వాలి.

అదే సినిమాలో 'అడవి తల్లి మాట' అనే పాట ఉంది. అందులో ఒక గొంతు కుమ్మరి దుర్గవ్వది. మంచిర్యాల జిల్లాలో కూలి పనులకు పోయే, చదువు రాని మనిషి. యూట్యూబ్‌లో వచ్చిన జానపదాల ద్వారా ఆమె గొంతు అప్పటికే తెలంగాణలో చాలామందికి తెలుసు. ఆమె గొంతులో ఉన్న గరుకు, మాట చివర సాగదీత ఆ పాటకు ప్రాణం. కానీ పాట ఆమెది కాదు. పేరున్న సినిమా కవి రాసినది. అడవి తల్లి మాట్లాడుతున్నట్టు అనిపించడానికి ఆ గొంతు కావాల్సి వచ్చింది. కూరలో చింతపండులా రుచికి వాడారన్నమాట. నంజియమ్మ పాటతో పోల్చి వినండి. అక్కడ మనిషి తన మాటతో వచ్చింది, ఇక్కడ మనిషి గొంతు మాత్రమే వచ్చింది. ఇందులో అన్యాయం జరిగిందని నేననను. దుర్గవ్వకు పేరొచ్చింది, ఆమె సంతోషించింది. సంతోషాన్ని మనం తక్కువ చేయకూడదు. కాకపోతే 'మన గొంతు సినిమాకు ఎక్కింది' అని చప్పట్లు కొట్టే ముందు, ఎక్కింది గొంతా, పాటా అని అడిగే అలవాటు చేసుకోవాలి.

మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు అవే సెల్‌ఫోన్లలో తిరిగాయి. అదీ వైరలే.

ఇప్పుడు మన దగ్గరి విషయం. ఒకసారి భూమి పండుగ రోజుల్లో మా వైపు ఒక గూడెంలో ఆడవాళ్లు రేలా పాడుతూ ఆడుతుంటే, బయటి నుంచి వచ్చిన ఒక కుర్రాడు వీడియో తీశాడు. ముందు పాట ఎత్తుకునేది నాకు పెద్దమ్మ వరస అయ్యే ఆవిడ. చేతులు కలిపి అడుగు వేస్తూ ఏడుగురు వంత పాడుతున్నారు. వారం తర్వాత ఆ వీడియో మా ఫోన్లలోకి వచ్చింది. నలభై సెకన్లు. పెద్దమ్మ ముఖం మాత్రమే తెర నిండా ఉంది. ముందు ఎక్కడి నుంచో తెచ్చిన వేణువు అతికించారు. వంత పూర్తిగా కోసేశారు. చాలామంది మెచ్చుకున్నారు. మనవడి ఫోన్‌లో పెద్దమ్మ అది చూసి, 'ఇదేందిరా, నేను అడుగుతనే ఉన్న. జవాబు చెప్పేటోళ్లేరి?' అంది.

ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఆ పాటలో ముందు గొంతు అడుగుతుంది, గుంపు జవాబు చెబుతుంది. ఏ ఊరి పిల్ల, ఏ గట్టు వాళ్లు, ఎవరింటికి కోడలు, అని ఒక్కో చరణం విప్పుకుంటూ పోతుంది. అడిగేదాన్ని ఉంచి జవాబు తీసేస్తే పాట సగం కూడా మిగలదు. వీడియో తీసిన కుర్రాడు దుర్మార్గుడు కాదు. ఫోన్ తెర అంతే ఉంటుంది, జనం ఓపిక అంతే ఉంటుంది, దానికి సరిపోయేలా కోశాడు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ వీడియోలు అన్ని రకాల ప్రతిభనూ కనిపెట్టవు. ఆ తెరలో పట్టే ప్రతిభనే కనిపెడతాయి. ఒక్క మనిషి, ఒక్క నిమిషం, తెలిసిన బాణీ, కొంచెం జాలి. గుంపుది, పొడుగుది, మళ్లీ మళ్లీ వచ్చేది, అడుగు వేస్తే తప్ప రుచి తెలియనిది అందులో పట్టదు. మన సంగీతంలో ఎక్కువ భాగం ఈ పట్టని వైపే ఉంది. అందుకని వీడియోలు చూసి 'మనలో ఎవరు గొప్ప గాయకులు' అని తేల్చితే లెక్క తప్పుతుంది. వంత బాగా పాడటం కూడా ఒక విద్యే. ముందు గొంతు అలసినప్పుడు ఎత్తి పట్టేది, మాట మరిచినప్పుడు అందించేది వంతే. వంత పాడే మనిషి ఏ వీడియోలోనూ మాణిక్యం కాలేదు.

ఇదివరకు రేడియో ఉండేది. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండి, కొలామీ పాటలు వినిపించేది. జానపద గీతాలు వేసేటప్పుడు ఫలానావారు, బృందం, ఫలానా ఊరు అని ముందో వెనకో చెప్పేవాళ్లు. 'బృందం' అన్న ఆ చిన్న మాటలో వంత పాడినవాళ్లకూ చోటు ఉండేది. రేడియోకు ముఖం కనిపించదు కాబట్టి చీర చిరుగు కూడా కనిపించేది కాదు. వినేవాడు పాటనే వినాల్సి వచ్చేది. పాత రోజులన్నీ బంగారం అనడం లేదు. రేడియో స్టేషన్ దాకా పోలేనివాళ్లే ఎక్కువమంది.

ఫోన్ వల్ల నిజంగా జరిగిన మేలు ఇంకోచోట ఉంది. దాన్ని వార్తల్లో రాయరు. కోయలం మనం తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లోకి విడిపోయి ఉన్నాం. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలో కలిశాక ఒకే ఇంటిపేరు వాళ్లకు రెండు రాజధానులయ్యాయి. ఇప్పుడు మల్కాన్‌గిరి వైపు పెళ్లిలో పాడిన పాట చింతూరు మీదుగా మణుగూరు దాకా వాట్సాప్‌లో వస్తోంది. ఒకరోజు మా తరగతిలో అలాంటి ఒక పాట పెట్టాను. శబరి అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ గుంపులోని ఒక పిల్లవాడు, ఎప్పుడూ నోరు తెరవనివాడు, లేచి నిలబడ్డాడు. 'సార్, ఇది మా పాటే. కానీ ఈ మాట కాడ మేం ఇట్ల అనం' అన్నాడు. 'మరి ఎట్ల అంటరు?' అంటే పాడి వినిపించాడు. వెనక బెంచీ ఆడపిల్ల, 'మా అవ్వ ఇంకో తీరుగ అంటది సార్' అంది. ఆ గంట లెక్కలు జరగలేదు. ఒక పాటకు మూడు తీర్లు పిల్లలే తేల్చారు. సినిమావాళ్లు మనల్ని కనిపెట్టడం కంటే ఇది పెద్ద విషయం. మనం ఒకరినొకరం కనిపెట్టుకుంటున్నాం.

అయితే మన సొంత పిల్లలు నడిపే ఛానళ్లను కూడా విమర్శించాలి. పొగిడితే ఎదగరు. కోయ, గోండి, లంబాడీ పాటలు పెట్టే ఛానళ్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. కష్టపడుతున్నారు, సొంత డబ్బు పెట్టుకుంటున్నారు. కానీ చాలా పాటలు ఒకే కొలతలో ఉంటాయి. కీబోర్డు, ప్యాడ్ మీద ఒకే దరువు, గొంతును యంత్రంతో సాపు చేయడం. రేలాలో దరువు అడుగును బట్టి నడుస్తుంది. మొదట నెమ్మదిగా, ఊపు వచ్చాక వేగంగా. ప్యాడ్ దరువు మొదటి నుంచి చివరిదాకా ఒకే పరుగు. దానికి అడుగు వేస్తే అది రేలా కాదు, బరాత్‌లో డీజే అవుతుంది. డీజేకు ఆడొద్దని నేననను, పెళ్లిళ్లలో నేనూ ఆడతాను. దాన్ని రేలా అని పిలవొద్దు, అంతే.

ఇంకొకటి. వీడియోలో పెదాలు కదిపేది ఒక అమ్మాయి, పాడింది మరొకరు. పాడినావిడ పేరు కింద వివరాల్లో ఎక్కడో ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు. పెట్టే శీర్షిక 'ట్రైబల్ లవ్ సాంగ్'. వదినను ఆటపట్టించే పెళ్లి పాట అయినా అదే శీర్షిక, విత్తనాలు చల్లే పాట అయినా అదే. బయటివాడు మనల్ని మాణిక్యం అన్నప్పుడు కోపం వస్తుంది కదా, మన పాటకు మనమే పేరు మార్చేస్తే ఏమనాలి?

డబ్బు సంగతి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే ఛానల్‌కు 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ లాంటి నిబంధనలు ఉన్నాయి. అవి దాటాక వచ్చే డబ్బు ఛానల్ యజమానికి చేరుతుంది, పాడిన అవ్వకు తనంతట తాను చేరదు. తరతరాల పాటకు ఒక రచయిత ఉండడు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు అంటారు. కానీ 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శించినవాళ్లకు కూడా హక్కు ఉంది, 2012 సవరణలో దాన్ని ఇంకా బలపరిచారు. పాట ఎవరిదైనా, ఆ రోజు ఆ గొంతుతో పాడింది ఆమె. అడగకుండా రికార్డు చేసి వాడుకోవడం తప్పు. ఈ సంగతి మన డిగ్రీ చదివే పిల్లలు తెలుసుకుని గూడెంలో చెప్పాలి. చట్టం దాకా పోకముందే, ఛానల్ నడిపే తమ్ముడు పాడినవాళ్లతో కూర్చుని 'వచ్చింది ఇంత, మీ వాటా ఇంత' అని చెబితే చాలు.

తీయకూడని పాటలూ ఉన్నాయి. వేల్పును కదిలించే పాట, చావు దగ్గర పాడేది, పెద్దల అనుమతి లేకుండా ఫోన్‌లోకి ఎక్కకూడదు. నిజమైన పాట అంటే దాచిపెట్టిన పాటే అన్న ఆశతో బయటివాళ్లు అడుగుతారు. వద్దని చెప్పడం కూడా మన సంగీతాన్ని కాపాడే పనిలో భాగమే.

చివరగా సకిని రామచంద్రయ్య గారి గురించి చెప్పాలి. మణుగూరు మండలం మనిషి. కోయ డోలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు కథలు, గట్ల వారీగా వేల్పుల పుట్టుపూర్వోత్తరాలు డోలి కొడుతూ చెప్పేవారు. ఒక వంశం ఎక్కడ మొదలైంది, ఏ నది దాటింది, ఎవరితో వియ్యం అందింది అన్నది పగిడె గుడ్డ మీద బొమ్మల్లో ఉంటుంది, డోలి కోయల నోట్లో పాటగా ఉంటుంది. అది నిమిషంలో అయ్యేది కాదు, రాత్రంతా సాగేది. మధ్యలో ఎవరో వచ్చి బియ్యం వేస్తారు, ఎవరో లేచి మొక్కుతారు, చెప్పేవాడు ఆగి నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకుంటాడు. ఇది 'మాణిక్యం' కొలతకు ఎలా సరిపోతుంది? పద్మశ్రీ వచ్చిన రోజుల్లో ఆయన వీడియోలు చాలా తిరిగాయి. ఎక్కువ భాగం రెండు నిమిషాల్లోపువే, డోలి మెడలో వేసుకుని నిలబడి నాలుగు మాటలు పాడినవి. టీవీవాళ్లు అడిగింది అంతే, తీసుకున్నది అంతే. ఆ రెండు నిమిషాలు విని ఆయన ఎంతటివాడో తెలుసుకోవడం, ఒక పేజీ చింపి ఇచ్చి ఇదే పుస్తకం అన్నట్టు ఉంటుంది.

డోలి కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మేడారం జాతరకు పోయినవాళ్లు వినే ఉంటారు. రెండేళ్లకోసారి లక్షల ఫోన్లు అక్కడికి వస్తాయి. గద్దెల ముందు సెల్ఫీలు తీసుకోవడంలో ఖర్చయ్యే ఛార్జింగులో కొంత, డోలి పక్కన ఒక రాత్రి కూర్చుని కథ మొత్తం తీయడానికి వాడొచ్చు. పెద్దలను అడిగి తీయాలి. తీసింది వెంటనే ఎక్కించకుండా, ముందు ఆ గట్టువాళ్లకే వినిపించి, ఏది బయట పెట్టొచ్చో వాళ్లనే చెప్పమనాలి. రామచంద్రయ్య గారి పాత వీడియోలు ఒకసారి మళ్లీ చూడండి. కొన్నింటిలో ఆయన పక్కన ఇంకొందరు కనిపిస్తారు, వంత కలుపుతూ, వాయిస్తూ. ఆ వీడియోల కింద ఉన్న పేరు ఆయనది ఒక్కటే. మణుగూరు, పినపాక వైపు పనిచేసే టీచర్లు, అక్కడి కుర్రాళ్లు ఆ పక్కవాళ్లెవరో కనుక్కుని, పేరు, ఊరు, గట్టు ఒక నోటు పుస్తకంలో రాయడం ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.